హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి విమాన దూరం: మీ నాన్నగారి లెక్క ఎక్కడ వేరుపడింది

మీరు అడిగింది ఇదీ. అమ్మానాన్న మార్చిలో హైదరాబాద్ నుంచి మీ దగ్గరికి శాన్‌హోసే వస్తున్నారు. నాన్నగారు రిటైరైన లెక్కల మాస్టారు. గోడ మీది ప్రపంచ పటం మీద పసిఫిక్ మీదుగా గీత గీసి, నడిమి అక్షాంశానికి తగ్గ స్కేలు తీసుకుని, శాన్‌ఫ్రాన్సిస్కోకి 15,800 కిలోమీటర్లని తేల్చారు. నెట్‌లో చూస్తే ఒకచోట 13,540, ఇంకోచోట 8,413, మరోచోట 7,311 అని ఉంది. పోయినసారి ఢిల్లీలో ఎక్కిన విమానంలో సీటు ముందు తెర మీద ఢిల్లీ నుంచి లెక్కే 13,400 దాటింది. హైదరాబాద్ నుంచి మొత్తం 13,540 అయితే ఢిల్లీ నుంచే అంత ఎలా అవుతుంది, వీటిలో ఏది నిజం అని.

నేను ఇరవై ఆరేళ్లు ఫ్లైట్ డిస్పాచ్‌లో పని చేశాను. పైలట్లు ఎయిర్‌పోర్టుకి రాకముందే ఆ రోజు గాలులు చూసి, ఏ దారిన వెళ్లాలి, ఎంత ఇంధనం ఎక్కించాలి, ఎంత బరువు మోయవచ్చు, మధ్యలో ఇబ్బంది వస్తే ఎక్కడ దిగాలి అని లెక్క కట్టి ఫ్లైట్ ప్లాన్ తయారుచేసే పని అది. దాని మీద కెప్టెన్ సంతకంతో పాటు మా సంతకమూ ఉంటుంది. మీరు అడిగిన ప్రశ్నే నా ఉద్యోగమంతా. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మీరు చెప్పిన అంకెలన్నీ నిజమే. కాకపోతే ఒక్కొక్కటీ ఒక్కో దూరం.

ముందు తేలికది. 13,540, 8,413, 7,311 మూడూ ఒకే దూరం. మొదటిది కిలోమీటర్లలో, రెండోది మామూలు మైళ్లలో, మూడోది నాటికల్ మైళ్లలో. నాటికల్ మైలంటే 1,852 మీటర్లు. భూగోళాన్ని 360 డిగ్రీలుగా, ఒక్కో డిగ్రీని 60 నిమిషాలుగా (ఇవి కాలానివి కావు, కోణంలో భాగాలు) విడగొడితే, భూమి మీద ఒక నిమిషం పొడవు దాదాపు ఒక నాటికల్ మైలు. ఓడలకూ విమానాలకూ ఈ కొలతే వాడతారు, కోణం తెలిస్తే దూరం నోటిలెక్కగా వచ్చేస్తుంది కాబట్టి. కొన్ని సైట్లు మైళ్లని మాత్రమే రాసి ఏ మైళ్లో చెప్పవు. సగం గందరగోళం అక్కడే పుడుతుంది.

ఇప్పుడు 13,540 ఎలా వచ్చిందో నాన్నగారు తానే వేసి చూసుకోవచ్చు. శంషాబాద్ విమానాశ్రయం 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 తూర్పు రేఖాంశం. శాన్‌ఫ్రాన్సిస్కోది 37.62 ఉత్తరం, 122.38 పడమర. ఒకటి తూర్పు, ఒకటి పడమర కాబట్టి రేఖాంశాలు కలపాలి: 200.8. అది 180 దాటింది కనుక 360లోంచి తీసేస్తే 159.2. ఇక రెండు అక్షాంశాల సైన్‌ల లబ్ధం 0.2964 × 0.6104, అంటే 0.1809. రెండు అక్షాంశాల కొసైన్‌లనీ రేఖాంశ భేదపు కొసైన్‌నీ కలిపి గుణిస్తే 0.9551 × 0.7921 × (−0.9348), అంటే −0.7072. రెండూ కూడితే −0.5263. ఏ కోణానికి కొసైన్ అంత ఉంటుందో చూస్తే 121.75 డిగ్రీలు. డిగ్రీకి 111.2 కిలోమీటర్ల చొప్పున 13,540. పదో తరగతి త్రికోణమితి పట్టికలు చాలు, కంప్యూటర్ అక్కర్లేదు.

భూమి అచ్చమైన గోళం కాదు కదా అని మాస్టారు అడుగుతారు, అడగాలి కూడా. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. ఆ 21 కిలోమీటర్ల తేడావల్ల ఇంత పెద్ద దూరంలో కొద్ది పదుల కిలోమీటర్లు అటూ ఇటూ కావచ్చు. సైట్లలో చివరి అంకెలు ఒకదానికొకటి కలవకపోవడానికి అదే కారణం. ఇక్కడొక మాట చెప్పాలనిపిస్తోంది. భూమి ఎంత నొక్కుకుపోయిందో కొలిచిన పెద్ద ప్రయత్నాల్లో ఒకటి మన నేల మీద నుంచే సాగింది. 1802లో మద్రాసులో విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన సర్వే, 78వ రేఖాంశం పక్కపక్కగా దక్షిణ కొస నుంచి హిమాలయాల దాకా గొలుసులూ కోణమాపకాలతో సాగింది. అనంతపురం, తెలంగాణ పడమటి భాగాల మీదుగానే ఆ గీత వెళ్లింది. లాంబ్టన్ 1823లో హైదరాబాద్ నుంచి నాగపూర్ వెళ్తూ హింగన్‌ఘాట్‌లో చనిపోయాడు. తర్వాత పని జార్జ్ ఎవరెస్ట్ చేతికి వచ్చింది. 1830లో ఆయన తేల్చిన భూమి కొలతలతోనే మన దేశపు పటాలు వందేళ్లకు పైగా గీశారు. ఈ రోజు మనం వేలితో తట్టి చూసే దూరం వెనక, ఎండలో గుట్టలెక్కి కొలిచిన మనుషుల కష్టం ఉంది.

విమానం 11 కిలోమీటర్ల ఎత్తున ఎగురుతుంది, మరి దూరం పెరగదా అని కూడా చాలామంది అడుగుతుంటారు. పెరుగుతుంది. వ్యాసార్ధం 6,371కి 11 కలిస్తే వెయ్యింట రెండు వంతులు కూడా లేదు. మొత్తం మీద పాతిక కిలోమీటర్ల లోపే.

మరి మాస్టారి 15,800 ఎక్కడిది? ఆయన లెక్కలో తప్పు లేదు, పటంలో ఉంది. మన గోడల మీద ఎక్కువగా కనిపించే పటం 1569లో మెర్కేటర్ అనే పటాల నిపుణుడు ఓడల వాళ్ల కోసం గీసిన పద్ధతిలోది. దాని మీద సరళరేఖ గీస్తే దిక్సూచి ముల్లు ఒకే దిక్కు చూపించే దారి వస్తుంది. నావికుడికి అది వరం. అయితే దిక్కు సరిగ్గా ఉంచాలంటే పొడవుల్ని సాగదీయక తప్పదు. హైదరాబాద్ అక్షాంశంలో ఆ సాగు నూటికి ఐదు పాళ్లే, 60 డిగ్రీల దగ్గర రెండింతలు, 70 డిగ్రీల దగ్గర దాదాపు మూడింతలు. ఉత్తరాన ఉన్న సైబీరియా, అలాస్కా పటం మీద పెద్దవిగా కనబడతాయి కనుక అటు వెళ్లడమంటే చుట్టు తిరగడం అనిపిస్తుంది. నిజానికి అక్కడ రేఖాంశాలన్నీ దగ్గర దగ్గరగా ముడుచుకుని ఉంటాయి, అడ్డంగా దాటేయడం తేలిక. ఒకే దిక్కు పట్టుకుని హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తే ఖచ్చితంగా వేసిన లెక్క 15,750 కిలోమీటర్లు. మాస్టారు స్కేలుతో 15,800 తెచ్చారంటే చెయ్యి ఎంత నిబ్బరమో చూడండి. ఆ దారి అసలు దగ్గరి దారికంటే 2,200 కిలోమీటర్లు ఎక్కువ, అంతే.

ఆయనకి ఒక గ్లోబూ, కుట్టుమిషను దారమూ ఇవ్వండి. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబైతే దాని మీద ఒక సెంటీమీటరు సుమారు 425 కిలోమీటర్లు. హైదరాబాద్ మీద దారం ఒక కొస, శాన్‌ఫ్రాన్సిస్కో మీద ఇంకో కొస పెట్టి బిగించి లాగితే దారం తనంతట తానే ఉత్తరానికి జారుతుంది. కొలిస్తే 32 సెంటీమీటర్లు వస్తుంది. ఆ దారం ఎక్కడెక్కడ ఆనుకుంటుందో నేను లెక్క వేసి చూశాను. హైదరాబాద్ నుంచి ఉత్తరానికి 19 డిగ్రీలు తూర్పుగా ఒరిగి బయలుదేరి, అయోధ్య పక్కగా, నేపాల్‌లో ధవళగిరి దగ్గరగా, టిబెట్ దాటి, చైనాలోని షిన్‌జియాంగ్ మీదుగా, బైకాల్ సరస్సుకి పడమరగా వెళ్లి, చలికి పేరుపడ్డ వెర్ఖోయాన్స్క్‌కి కాస్త ఉత్తరంగా సాగి, తూర్పు సైబీరియా సముద్రం మీద 71.6 డిగ్రీల దాకా ఎక్కుతుంది. అక్కడినుంచి దిగుముఖం. అలాస్కాలో కాట్జెబ్యూ పక్కన నేలమీదికి వచ్చి, ఫెయిర్‌బ్యాంక్స్‌కీ డెనాలీ శిఖరానికీ నడుమగా దాటి, అలాస్కా సింధుశాఖ మీదుగా కాలిఫోర్నియాకి. పసిఫిక్ మహాసముద్రం నడిబొడ్డు ఈ దారికి తగలనే తగలదు.

ఈ దారం వల్ల ఇంకో సంగతి తెలుస్తుంది. టికెట్లు కొనేటప్పుడు పనికొచ్చేదే. ఢిల్లీ దాదాపు ఆ దారం మీదే ఉంది. హైదరాబాద్–ఢిల్లీ 1,270, ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో 12,380, కలిపితే 13,650. అంటే ఢిల్లీలో దిగి ఎక్కినందుకు దూరంలో పడే అదనం 110 కిలోమీటర్లు మాత్రమే. హాంగ్‌కాంగ్ మీదుగా వెళ్తే మొత్తం 14,880 దాకా అవుతుంది. దుబాయ్ మీదుగా 15,580 ప్రాంతం, లండన్ మీదుగా 16,370. దుబాయ్ మనకి దగ్గర కాబట్టి ఆ దారి దగ్గరనుకుంటారు చాలామంది. పడమరకి వెళ్లి మళ్లీ అక్కడినుంచి ధ్రువం వైపు ఎక్కాలి కనుక రెండు వేల కిలోమీటర్లు ఎక్కువే పడుతుంది.

సరే, ఇంత చక్కని దారం ఉండగా విమానం దాని మీదే ఎందుకు వెళ్లదు? మీ అసలు చిక్కు ఇదే: ఢిల్లీ నుంచి 12,380 ఉండాల్సింది తెర మీద 13,400 ఎందుకైంది.

మొదటి కారణం టిబెట్. ఆ పీఠభూమి సగటు ఎత్తు నాలుగున్నర వేల మీటర్లు, చుట్టూ అంతకు మించిన కొండలు. పైన ఎగురుతుండగా విమానం లోపలి గాలి ఒత్తిడి పోయిందనుకోండి, మాస్కులు కిందికి వేలాడతాయి. చాలా విమానాల్లో ప్రయాణికులకి అందే ఆక్సిజన్ పావుగంటకు కాస్త అటూ ఇటూ. ఆలోపు మనిషి మామూలుగా ఊపిరి తీసుకోగల ఎత్తుకి, అంటే మూడు వేల మీటర్లకి దిగిపోవాలి. కింద నేలే నాలుగున్నర వేల ఎత్తులో ఉంటే దిగేదెక్కడికి? అందుకని ఆ దారిని తప్పించి పడమర నుంచో తూర్పు నుంచో చుట్టి వస్తారు. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు దగ్గరి దారి దొరికిందని సంబరంగా స్క్రీన్ మీద టిబెట్ మీదుగా గీత గీసేవాళ్లు. వాళ్లకి నేను మొదట చూపించింది ఆ కొండల ఎత్తులే.

రెండోది, రెండు ఇంజన్ల విమానం. దారిలో ఎక్కడ ఒక ఇంజన్ ఆగినా, మిగిలిన ఒక్కదానితో నిర్ణీత సమయంలో చేరగలిగే విమానాశ్రయం ఉండాలి, అది ఆ వేళకి తెరిచి ఉండాలి, వాతావరణం అనుకూలంగా ఉండాలి. వీటిని ఆల్టర్నేట్‌లు అంటాం. 2023 జూన్ 6న ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిర్ ఇండియా బోయింగ్ 777, ఇంజన్ ఇబ్బందితో రష్యా తూర్పు చివర మగదాన్‌లో క్షేమంగా దిగింది. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. వాళ్ల కోసం వేరే విమానం పంపాల్సి వచ్చింది. 2024 జూలైలో అదే మార్గంలోని ఇంకో విమానం సైబీరియా నడుమ ఉన్న క్రస్నోయార్స్క్‌లో దిగింది. ప్రయాణికులకి అవి పేర్లైనా వినని ఊళ్లు. ఫ్లైట్ ప్లాన్ చేసేవాడికి మాత్రం ఆ ఊళ్ల రన్‌వే పొడవు, అక్కడి మంచు, రాత్రివేళ ఎవరు డ్యూటీలో ఉంటారు అన్నీ ముందే తెలిసి ఉండాలి. ఆ పేర్లు కాగితం మీద లేకపోతే విమానం కదలదు.

మూడోది ఆకాశానికున్న సరిహద్దులు. 2019 ఫిబ్రవరి చివర్లో పాకిస్తాన్ తన గగనతలం మూసేసి జూలై దాకా పూర్తిగా తెరవలేదు. 2025 ఏప్రిల్‌లో భారత విమాన సంస్థలకు మళ్లీ మూసింది. అప్పుడు ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే కొన్ని విమానాలు ఇంధనం కోసం వియన్నా, కోపెన్‌హేగన్‌లలో ఆగి వెళ్లాల్సి వచ్చింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా ఆకాశం అమెరికా, యూరప్ సంస్థలకు మూతపడింది, మన వాళ్లకి తెరిచే ఉంది. అంటే ఒకే జంట నగరాల మధ్య, ఒకే రోజు, టికెట్ ఏ సంస్థదైతే దాన్నిబట్టి దూరం మారిపోతుంది. గ్లోబు మీది దారానికి ఇవేవీ తెలియవు.

చలి కూడా ఉంది. విమానాల్లో వాడే జెట్ ఎ-1 ఇంధనం −47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. శీతాకాలంలో ఉత్తర సైబీరియా మీద బయటి గాలి అంతకంటే చల్లగా ఉండే రోజులుంటాయి. గంటల తరబడి ఆ గాలిలో ఎగిరితే రెక్కల్లోని ఇంధనం మెల్లగా చల్లబడుతుంది. పైలట్ కాస్త కిందికి దిగడమో, వేగం పెంచి ఆ రాపిడితో రెక్కను కొద్దిగా వెచ్చబరచడమో చేస్తాడు.

వీటన్నిటికంటే పెద్దది గాలి. నా ఉద్యోగంలో సగం రాత్రులు దీని మీదే పోయాయి.

విమానం నేల మీద నడవదు, గాలిలో ఈదుతుంది. రాజమండ్రి నుంచి కొవ్వూరుకి పడవలో గోదావరి దాటిన వాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు. గట్టుకీ గట్టుకీ మధ్య దూరం మారదు. అయినా ఏటివాలున వెళ్లే పడవకీ ఏటికి ఎదురు వెళ్లే పడవకీ తెడ్డు వేయాల్సిన నీళ్లు ఒకటి కాదు. మేం ఫ్లైట్ ప్లాన్‌లో రెండు దూరాలు రాసేవాళ్లం. ఒకటి నేల మీద కొలిచినది, రెండోది గాలిలో ఈదాల్సినది. ఇంధనం రెండోదాన్ని బట్టే కాలుతుంది.

పెద్ద విమానాల వేగం గాలితో పోలిస్తే గంటకి 900 కిలోమీటర్ల ప్రాంతం. 14,000 కిలోమీటర్లు వెళ్లాలనుకోండి. సగటున 100 కిలోమీటర్ల గాలి వెనకనుంచి తోస్తే నేల మీద వేగం 1,000, ప్రయాణం 14 గంటలు. అదే గాలి ఎదురైతే వేగం 800, ప్రయాణం పదిహేడున్నర గంటలు. దూరం ఒక్క అడుగైనా మారలేదు, మూడున్నర గంటల తేడా వచ్చింది. జెట్ స్ట్రీమ్ అని పడమర నుంచి తూర్పుకి పారే గాలి నది ఒకటి పైన ఉంటుంది. శీతాకాలంలో జపాన్ పరిసరాల మీద, ఉత్తర పసిఫిక్ మీద దాని వేగం గంటకి 200, 300 కిలోమీటర్లు దాటడం మామూలే.

దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ 2016 అక్టోబర్‌ది. అప్పటిదాకా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్ ఇండియా విమానం పడమరగా అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు వెళ్లేది. ఆ నెలలో తూర్పుగా పసిఫిక్ మీదుగా పంపి చూశారు. దూరం 15,300 కిలోమీటర్లు. 1,400 పెరిగింది. పట్టిన సమయం పద్నాలుగున్నర గంటలు, పాత దారికంటే దాదాపు రెండు గంటలు తక్కువ. భాగించి చూడండి: సగటున గంటకి 1,055 కిలోమీటర్లు. ఆ విమానం తన శక్తికి మించి ఎగరలేదు, గాలివాలున వెళ్లింది. తిరుగు ప్రయాణం అట్లాంటిక్ మీదుగా, అదీ తూర్పు ముఖంగానే చేస్తే, వెళ్లి రావడంలో భూమి చుట్టూ ఒక ప్రదక్షిణ పూర్తవుతుంది. ఈ రెండు దారుల్లో ఏదీ మన దారం దారి కాదని గమనించండి. ఆ దారి 12,380.

కాబట్టి నాన్నగారు పటం మీద పసిఫిక్ మీదుగా గీసిన గీతను పనికిరాదని కొట్టేయకండి. దగ్గరి దారి కాకపోయినా, గాలులు కలిసొచ్చిన రోజున అది త్వరగా చేర్చే దారి కావచ్చు.

ఎదురుగాలి బలంగా ఉన్న రాత్రి ఏమవుతుందో కూడా చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం ఒక జనవరిలో పడమరగా వెళ్లే పొడవాటి విమానం ఒకటి నా డెస్క్ మీద ఉంది. ఏ దారి వేసినా ఎదురుగాలే. ఇంధనం పెంచుదామంటే పెంచిన ఇంధనాన్ని మోయడానికే దానిలో మూడో వంతు పైన కాలిపోతుంది, ఇంత దూరాల్లో లెక్క అలా ఉంటుంది. టేకాఫ్ బరువు హద్దు దాటుతోంది. మధ్యలో ఆగి ఇంధనం పోయించుకోవాలి, లేదా బరువు దింపాలి. ఆగితే సిబ్బంది డ్యూటీ గంటలు మించిపోతాయి. చివరికి సరుకు దింపాం, అదీ చాలక కొన్ని పెట్టెలు దింపాం. అవి మర్నాటి విమానంలో వెళ్లాయి. ఆ పెట్టెల్లో మనవాళ్ల కూతుళ్లకీ కోడళ్లకీ కట్టిన ఆవకాయ జాడీలు, పొడులు, మందులు ఉంటాయని నాకు తెలుసు. అక్కడ దిగిన పెద్దవాళ్లు బెల్టు దగ్గర నిలబడి పెట్టె కోసం ఎదురుచూస్తారనీ తెలుసు. వాళ్లకి ఎవరూ కారణం సరిగా చెప్పి ఉండరు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిర్ణయం మాత్రం సరైనదే, ఇప్పుడైనా అదే చేస్తాను. మీ అమ్మగారికి చెప్పండి, వేసుకునే మందులు మాత్రం చేతిసంచీలోనే ఉంచుకోమని.

మన హైదరాబాద్ నుంచి నేరుగా అమెరికా వెళ్లడం అసాధ్యమేమీ కాదు. 2021 జనవరిలో హైదరాబాద్–షికాగో నేరు విమానం మొదలైంది, దూరం సుమారు 13,300 కిలోమీటర్లు. కొంతకాలం నడిచి ఆగిపోయింది. అదే నెల 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరిన బెంగళూరు తొలి నేరు విమానాన్ని, కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో పాపగారి తన్మయితో సహా అందరూ మహిళా పైలట్లే ఉత్తర ధ్రువం మీదుగా నడిపించారు. ఆ రెండు నగరాల దగ్గరి దూరం 14,000 కిలోమీటర్లకు అటూ ఇటూ, వాళ్లు ఎగిరింది 16,000 దాకా. ఆ వార్త చదివిన రోజు నేను గ్లోబు తీసి మా మనవరాలికి దారం పట్టి చూపించాను. 14,000 అంటే తక్కువేమీ కాదు. ఈ రోజు ప్రపంచంలో అన్నిటికంటే పొడవైన నేరు విమానం సింగపూర్–న్యూయార్క్‌దే 15,350 కిలోమీటర్ల ప్రాంతం. దూరం మోయగల విమానాలు ఉన్నాయి. ఇంధనం, బరువు, గగనతలం మూడూ కలిసి ఏడాది పొడవునా లెక్క కుదరడమే కష్టం.

ఇక మీ ప్రశ్నకి సూటిగా: హైదరాబాద్–శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి దూరం 13,540 కిలోమీటర్లు. ఎవరైనా అడిగితే అదే చెప్పండి. తెర మీద కనిపించిన 13,400 ఆ రోజు ఢిల్లీ నుంచి విమానం నిజంగా తిరిగిన దూరం, టిబెట్‌ని చుట్టి, తెరిచి ఉన్న ఆకాశాన్ని వెతుక్కుని వెళ్లినది. మరుసటి రోజు అది 13,900 కావచ్చు, 13,100 కావచ్చు. టికెట్ కొనేటప్పుడు మాత్రం దూరం చూడకండి, ఇంటి గుమ్మం నుంచి గుమ్మానికి ఎన్ని గంటలో, మధ్యలో ఎన్ని గంటలు కూర్చోవాలో చూడండి. పెద్దవాళ్లకి దుబాయ్ లాంటి చోట దిగి రెండు గంటలు నడవడం, ఏకబిగిన పదహారు గంటలు కూర్చోవడం కంటే మేలు కావచ్చు. రెండు వేల కిలోమీటర్లు ఎక్కువైనా నేను మా అక్కయ్యకి ఆ దారే చెప్పాను, మోకాళ్ల నొప్పులున్నాయని.

నాన్నగారికి ఒక పని చెప్పండి. చిన్న నోటు పుస్తకం, పెన్నూ సీటు జేబులో ఉంచుకుని, మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి తెర మీద 'గ్రౌండ్ స్పీడ్' అంకె, ఆ వేళకి విమానం ఎక్కడుందో ఆ ఊరి పేరు రాసుకోమనండి. 900 కంటే ఎంత ఎక్కువుంటే అంత గాలి వెనకనుంచి, ఎంత తక్కువుంటే అంత ఎదురునుంచి. తిరిగి వచ్చేటప్పుడూ రాస్తే రెండు వరుసలు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. ఆ కాగితం ఫోటో ఇక్కడ పెట్టండి. ఆ రోజు గాలి ఎటు వీచిందో, డిస్పాచ్‌లో కూర్చున్న వాళ్లు ఆ దారే ఎందుకు ఎంచుకుని ఉంటారో ఆయనతో కూర్చుని గంట గంటకీ లెక్క చూడాలని నాకూ ఉంది.